మేష్టారికి బస

ఆ రోజు తెల్లవారేసరికి మబ్బు బాగా కిందికి దిగి, కరెంటు తీగల మీద తడిబట్ట ఆరేసినట్టు వేలాడుతోంది. వాన లేదు, ఎండ లేదు. తూర్పున ఒక్కచోట మాత్రం గోడకి పెచ్చు ఊడినట్టు తెల్లగా ఉంది. గాలి కదలడం లేదు కాబట్టి దేని వాసన దాని దగ్గరే నిలబడింది. నాకు అది నచ్చింది. ఇలాంటి చెమ్మ రోజున ఎండుగడ్డి అబద్ధం చెప్పలేదు. లోపల ఏ మూల బూజు పట్టినా ముక్కుకి దొరికిపోతుంది.

నేను ముందురోజు సాయంత్రమే మా ఊరి నుంచి అమ్మాయి ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున్నే అమ్మాయి, అల్లుడు, మనవరాలు దూరపు ఊళ్ళో ఉన్న పెద్దాసుపత్రికి బయల్దేరాలి. మనవరాలికి టాన్సిల్స్ తీస్తారు. ఏడాదిలో ఎనిమిదిసార్లు జ్వరం వచ్చింది పిల్లకి. మింగలేక మింగలేక మనిషి సన్నబడిపోయింది. ఆసుపత్రివాళ్ళు తేదీ ఇవ్వడానికే ఐదు నెలలు పట్టింది. అక్కడ పదిరోజులు అల్లుడి అక్క ఇంట్లో ఉండాలి. ఆ ఇంట్లో పిల్లి ఉంది. నా ఇంట్లో రెండు వేటకుక్కలు ఉన్నాయి, వాటిని రెండురోజులకి మించి వదిలి నేనిక్కడ ఉండలేను. నడుమ ఎటూ పోలేకుండా మనవరాలివి నాలుగు ప్రాణాలున్నాయి.

రెండు కుందేళ్ళు, తోకలేని బొద్దు ఎలుకల్లాంటి రెండు గినీపిగ్‌లు. నల్ల కుందేలు పేరు బొగ్గు, తెల్లదాని పేరు సున్నం. గినీపిగ్‌లలో ఒకటి కాలు నిలవనిది, దాన్ని పాదరసం అంటారు. రెండోది మేష్టారు. మూతికి రెండు పక్కలా తెల్లవెంట్రుకలు దిగి, ఎవరు పలకరించినా ఓసారి ఎగాదిగా చూసి మళ్ళీ తన పనిలో పడిపోతాడు. పేరు పెట్టింది అల్లుడు. వయసు ఆరేళ్ళు, వాటి లెక్కలో ముసలాడే.

పోయిన ఏడాది వీళ్ళు ఒక పెళ్ళికి వెళ్తూ వాటిని ఒక దుకాణంలో దింపి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మేష్టారి జోడు లేదు. "మేం పెట్టామండీ, అది తినలేదు" అన్నాడట దుకాణంవాడు. ఈ జీవాలు ఒక్కరోజు తిండి మానేస్తే చాలు, పొట్ట ఆగిపోతుంది. ఆగిన పొట్టని మళ్ళీ కదిలించడం చాలా కష్టం.

అందుకే మనవరాలు తీర్పు చెప్పేసింది. దానికి పదేళ్ళు.

"మేష్టారు కొత్తచోట తింటాడని నాకు తెలియాలి. తెలిస్తేనే బల్లమీద పడుకుంటా. లేకపోతే నోరు తెరవను."

తెరవదు. పోయిన వేసవిలో పళ్ళ డాక్టరు ముందు గంటన్నర మూసిన నోరు మూసినట్టే కూర్చుంది. ఆఖరికి ఆయనే లేచి వెళ్ళిపోయాడు.

అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కంపెనీ వ్యాను అడిగి తెచ్చాడు. వెనక పనిముట్లన్నీ ఒక పక్కకి జరిపి నాలుగు జీవాలనీ డబ్బాలతో సహా సర్దాం. డబ్బు తీసుకుని జీవాల్ని ఉంచుకునే చోట్లు అల్లుడికి ఫోన్లో మూడు దొరికాయి. ఏ చోటు నచ్చితే అక్కడే దింపి రావాలని అనుకున్నాం. రోజంతా పట్టొచ్చని అమ్మాయి భోజనం డబ్బాలు కూడా కట్టింది.

"నాన్నా, నువ్వు చూడు. మాట్లాడకు" అంది వ్యాను ఎక్కుతూ.

"నేనెప్పుడు మాట్లాడాను?"

"అదే చెప్తున్నా. ఏడాదికోసారి మాట్లాడతావు, అది కాస్తా గొడవ అవుతుంది."

నేను మాట్లాడలేదు.

ముప్ఫై ఏళ్ళు గొర్రెలు, మేకలు మేపాను. మధ్యలో ఏడేళ్ళు కుందేళ్ళు కూడా పెంచాను. పశువు కొనడానికి వెళ్తే నేను ముందు దాని మొహం చూడను, వెనక్కి వెళ్తాను. మా నాన్న నేర్పింది అంతే. ఒళ్ళు తుడిచి, కొమ్ములు గీకి అమ్మేవాడు దేన్నయినా అందంగా నిలబెట్టగలడు కానీ, అది వేసిన పెంటికల్ని మాత్రం మార్చలేడు. గుండ్రంగా, ఒకే సైజులో, పొడిగా ఉంటే ఆ జీవం తింటోంది. చిన్నగా, వంకరగా ఉంటే లోపల ఏదో తేడా ఉంది.

మొదటి చోటుకి అద్దాల తలుపులున్నాయి. లోపల చల్లటి గాలి తిరుగుతోంది. మెడలో బిళ్ళ వేలాడేసుకున్న అమ్మాయి నవ్వుతూ కాగితాలు ముందుకు తోసింది. గోడ పొడవునా పంజరాలు ఒకదానిమీద ఒకటి మూడు వరుసలు పేర్చి ఉన్నాయి, పోస్టాఫీసు అరల్లాగా. పక్కగదిలో కుక్కలున్నాయి. ఒకటి మొరిగినప్పుడల్లా అరల్లో కుందేళ్ళ చెవులన్నీ ఒక్కసారిగా వీపుకి అంటుకుపోతున్నాయి.

మనవరాలు కాగితాల వైపు చూడనే లేదు.

"ఆ కుక్కలు రాత్రి ఎక్కడుంటాయక్కా?"

"ఇక్కడే పాపా. మధ్యలో గోడ ఉందిగా, ఏం కాదు."

"గోడ ఉందని కుందేలుకి ఎవరు చెప్తారు?"

బిళ్ళ అమ్మాయి నవ్వు సగంలో ఆగింది. మేం వచ్చి వ్యాను ఎక్కాం. నేను వెనకవైపుకి వెళ్ళాల్సిన అవసరమే రాలేదు.

రెండోది మేడమీద ఇల్లు. నడుముకి ఏప్రన్ కట్టుకున్న ఒకాయన ఎదురొచ్చి, "రండి రండి, మీకోసమే చూస్తున్నా" అన్నాడు, ఏళ్ళనాటి చుట్టంలాగా. గది నిండా చిన్న చిన్న పరుపులు, దిండ్లు, రంగు బల్బులు. ఒక్కో గూటికీ ఒక కెమెరా ఉంది.

"మీరు ఎక్కడున్నా ఫోన్లో చూసుకోవచ్చండీ. పొద్దున కారెట్, మధ్యాహ్నం కారెట్, సాయంత్రం బిస్కెట్. రాజభోగం!"

అల్లుడు కరిగిపోయాడు. కెమెరా ఎక్కడ కనపడితే అక్కడ కరిగే మనిషి. "మామయ్యా, ఇదే ఖాయం చేద్దాం. ఆసుపత్రి మంచం మీంచే చూపించొచ్చు దానికి."

"చెత్తబుట్ట ఎక్కడ?" అన్నాను.

"చేతులు కడుక్కుంటారా సార్?"

"కాదు. చెత్తబుట్ట."

బాల్కనీలో ఉంది. మూత తీశాను. ముట్టని కారెట్ ముక్కలు సగం బుట్ట ఉన్నాయి. అడుగున నాలుగు పెంటికలు, బూరుతో కలిసి పూసల్లా ఒకదానికొకటి వేలాడుతున్నాయి. గడ్డి చాలక ఒంటి బూరు మింగిన కుందేలువి అవి. లోపలికి వచ్చి గడ్డి ఎక్కడని వెతికాను. చిన్న బుట్టలో రిబ్బన్ కట్టి పెట్టారు, పూలగుత్తిలాగా. ఒక పిడికెడు తీసి అల్లుడి ముక్కు కింద పెట్టాను. మూడుసార్లు తుమ్మాడు.

"కెమెరాలో వాసన రాదు" అన్నాను.

అమ్మాయి నా వైపు చూసింది. ఆ మాట గొడవలో చేరుతుందో చేరదో లెక్కేసుకుంటున్నట్టుంది. ఏప్రన్ ఆయన మెట్లదాకా వెంట వచ్చి, పుట్టినరోజులు కూడా చేస్తామని చెప్పాడు.

వ్యానులో మనవరాలు మేష్టారి డబ్బాలోకి తొంగిచూసింది. పొద్దున పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది.

"ఒక్క పోచ కూడా ముట్టుకోలేదు తాతయ్యా."

"బండి కుదుపుకి అంతేనమ్మా" అంది వాళ్ళమ్మ.

"పాదరసం తింటోందిగా. దానికి కుదుపు లేదా?"

అల్లుడు బండి స్టార్ట్ చేశాడు.

మూడోది అల్లుడి ఫోన్లో అన్నిటికన్నా కింద ఉంది. బొమ్మలు లేవు. ఒకే ఒక్క ఫోటో ఉంది, అది గడ్డిమోపుది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పక్క సందులో చివరి ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన స్కూలు యూనిఫాంల గుట్ట. మిషను వెనక అరవై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఉంది. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పళ్ళ మధ్య గుండుసూదులు. సూదులు తీయకుండానే మాట్లాడింది.

"చెప్పులు బయట. గొంతులు కూడా బయటే."

అందరం చెప్పులు విడిచాం. అల్లుడు నోటిమీద వేలు పెట్టుకున్నాడు, ఎవరో చిన్నపిల్లాడిలాగా.

"చూసుకోండి. ముట్టుకోవద్దు" అని ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. నేలమీదే మోకాలెత్తు ఇటుక గోడలతో అరలు కట్టారు. ఎడమవైపు కుందేళ్ళు, కుడివైపు గినీపిగ్‌లు, మధ్యలో పాత దుప్పట్లు కలిపి కుట్టిన తెర. లోపల మిషను చప్పుడు వినపడుతోంది కానీ ఒక్క చెవీ అదరడం లేదు. గడ్డి వాసన చూశాను, శుభ్రంగా ఉంది. నాకు లోపల ఊ అనిపించింది. అయినా అలవాటు మానలేదు, షెడ్డు వెనక్కి వెళ్ళాను.

గోడవారన రెండు గుంటలున్నాయి. ఒకదానిమీద చెక్క మూత ఉంది. రెండోది తెరిచే ఉంది. వంగి చూశాను. ఒక్కటి గుండ్రంగా లేదు. అన్నీ పొడుగ్గా, సన్నగా, వంపు తిరిగి ఉన్నాయి. ఏడేళ్ళలో నా కుందేళ్ళు ఒక్కసారి అలా వేశాయి. ఆ వారం మూడు పోయాయి.

రెండు తీసి కాగితంలో చుట్టి జేబులో వేసుకుని ముందుగదిలోకి వచ్చాను. గొంతు బయట పెట్టిరమ్మన్న సంగతి మర్చిపోయాను.

"ఈ ఇంట్లో కుందేళ్ళకి పొట్ట బాలేదు. పదండి."

మిషను ఆగింది. ఆవిడ పళ్ళ మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చింది. అయిదు. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏమన్నావు?"

"కళ్ళారా చూశాను. వంకర పెంటికలు. కుందేలు వేసేవి గుండ్రంగా ఉండాలి."

"అనుభవమా?"

"ముప్ఫై ఏళ్ళు."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా కొలతలు తీసుకున్నట్టు చూసింది.

"మంచిది. తలుపు వేసి వెళ్ళండి. వీధిలో పిల్లులున్నాయి."

అందరం వచ్చి వ్యానులో కూర్చున్నాం. అల్లుడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే ఉన్నాడు. ఫోన్లో ఇంక పేర్లు లేవు.

"నేను ఉండిపోతాను. మీరిద్దరూ వెళ్ళండి" అంది అమ్మాయి.

"అమ్మ రాకపోతే నేనూ రాను" అంది మనవరాలు.

"ఇప్పుడు తేదీ వదిలేస్తే మళ్ళీ ఐదు నెలలే! ఈలోపు దానికి ఎన్ని జ్వరాలు రావాలి?" అల్లుడి గొంతు పెరిగింది. "మామయ్యా, మీరు కూడా... రెండు పెంటికలు చూసి..."

"రెండు కాదు. గుంటెడు చూశాను."

మనవరాలు ముందు సీటు మీదికి వంగింది. "తాతయ్యా, ఎలా ఉన్నాయవి?"

కాగితం తీసి ఇచ్చాను. విప్పి చూసింది. మొదట దాని మొహంలో ఏమీ కనపడలేదు. తర్వాత పెదాలు బిగబట్టుకుంది. ఆపుకోలేక నవ్వేసింది. పొద్దున్నుంచీ అది నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే మేష్టారి డబ్బా కింది పళ్ళెం బయటికి లాగి నా ఒళ్ళో పెట్టింది.

"ఇవి చూడు."

పొడుగ్గా, సన్నగా, వంపు తిరిగి ఉన్నాయి.

"ఇవి కుందేలువి కావు తాతయ్యా. గినీపిగ్‌వి. బాగున్న గినీపిగ్‌వి ఇలాగే ఉంటాయి. నువ్వు వాటి గుంట దగ్గరికి వెళ్ళావు."

కాగితంలోది ఒకటి గోటితో విరిచాను. లోపలంతా పొడి నార. మంచి లేతగడ్డి తిని, బాగా నమిలి, బాగా అరిగించుకున్న జీవం వేసింది అది. మూడుచోట్ల తిరిగి చూసినవాటిలో అన్నిటికన్నా మేలైన సరుకుని పట్టుకుని నేను జబ్బు అన్నాను. గినీపిగ్‌ని నేను దగ్గరగా చూసింది నిన్న సాయంత్రం. దాని గురించి ముప్ఫై ఏళ్ళ అనుభవం చెప్పింది ఇవాళ మధ్యాహ్నం.

"నాన్నా!" అంది అమ్మాయి. ఆ ఒక్కమాటలో మిగతాదంతా ఉంది.

"బండి తిప్పు" అన్నాను అల్లుడితో.

"ఏం మొహం పెట్టుకుని వెళ్తాం మామయ్యా?"

"ఉన్నదే. ఇంకోటి తెచ్చుకోలేదు."

తలుపు నేనే తట్టాను. ఆవిడ ఈసారి ఒక చొక్కాకి కాలరు అతుకుతోంది. తలెత్తకుండానే అంది.

"డాక్టరుగారు మళ్ళీ వచ్చారే. మందు చీటీ రాసిస్తారా?"

"పొరపాటు చూశానమ్మా. అవి గినీపిగ్‌వని తెలీదు. నాకు కుందేళ్ళే తెలుసు. మీ గడ్డి మంచిది, మీ జీవాలు బాగున్నాయి. మావాటిని ఉంచుకోండి."

"ఎవరు చెప్పారు గినీపిగ్‌వని?"

"ఇది" అని మనవరాలిని చూపించాను.

"అప్పుడే మీరు చెప్పొచ్చుగా అండీ" అన్నాడు అల్లుడు వెనకనుంచి.

"ముప్ఫై ఏళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు బాబూ. యాభై జతలు సోమవారానికి ఇవ్వాలి." ఆవిడ లేచి మనవరాలి ముందుకొచ్చి గొంతుకూర్చుంది. "అయితే నేను మాట్లాడాల్సింది వీళ్ళతో కాదు, నీతో. చెప్పమ్మా. మీవాటిలో అన్నిటికన్నా ముసలిది ఏది?"

"మేష్టారు."

"పొద్దున ముందు ఏం ముట్టుకుంటాడు?"

"గడ్డి. ఎప్పుడన్నా అలిగితే క్యాప్సికం. ఎర్రది కాదు, పచ్చది."

"ఎటు పక్క నములుతాడు?"

"కుడిపక్క. ఎడమ పన్ను కాస్త పొడుగు."

"ఒక్కడే ఉంటాడా?"

"పాదరసంతో. ముందు ఇంకొకతె ఉండేది." మనవరాలు ఆగింది. తర్వాత దుకాణం సంగతీ, రేపు ఆసుపత్రికి బస్సెక్కే సంగతీ అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆవిడ మెడలో టేపుని వేళ్ళకి చుట్టి విప్పుతూ విన్నది.

"పెట్టి ఉంటారు. తిన్నదో లేదో చూసి ఉండరు" అంది చివరికి. "నాదొక పద్ధతి ఉంది. మొదటి తిండి మీరుండగానే, ఇక్కడే తినాలి. తింటే ఉంచుకుంటా. గంటలో తినకపోతే మీరు తీసుకెళ్ళాలి. తర్వాత ఎంత బతిమాలినా ఉంచుకోను."

"ఇవాళ్టికి ఉంచుకుని, రేపు చూద్దామంటే..." అని అల్లుడు నసిగాడు.

"రేపు మీరు బస్సులో ఉంటారు. మీ వాసన, మీ అలికిడి ఉన్నప్పుడు ఒక్కసారి ఇక్కడ నమిలిందంటే, ఇది తిండి దొరికే చోటని దాని బుర్రకెక్కుతుంది. అది ఎక్కకుండా మీరు వెళ్ళిపోతే, ఎక్కించడం నా వల్ల కాదు. నేను చెయ్యలేనిది చేస్తానని చెప్పను."

అంత సూటిగా చెప్పేవాళ్ళని నేను పశువుల సంతలో కూడా ఎక్కువమందిని చూడలేదు. వెళ్ళి డబ్బాలు తెచ్చాను.

షెడ్డులో ఎడమవైపు ఖాళీ అరలో బొగ్గుని, సున్నాన్ని వదిలాం. వాటికి సిగ్గూ ఎగ్గూ లేదు. దిగీదిగగానే గడ్డిలో తలలు దూర్చేశాయి. కుడివైపు అరలో పాదరసం రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టుకి నోరు ఆడించడం మొదలుపెట్టింది. మేష్టారు మూలకి వెళ్ళి, గోడవైపు మొహం పెట్టి కూర్చున్నాడు. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఊపిరి వేగంగా ఆడుతోంది.

మేం నలుగురం గోడమీంచి వంగి చూస్తున్నాం. పది నిమిషాలు గడిచాయి. మనవరాలు పచ్చ క్యాప్సికం ముక్క ముందు పెట్టింది. వెనక్కి జరిగాడు. ఇరవై నిమిషాలు. అమ్మాయి చెయ్యి కూతురి భుజం మీదికి వెళ్ళింది. మనవరాలు ఆ చెయ్యి తీసేసింది.

టైలరమ్మ గుమ్మంలోంచి అంది, "ఎనిమిది కళ్ళు గద్దల్లా మీద వాలి ఉంటే ఏ జీవం తింటుంది? ఇటు తిరిగి కూర్చోండి. భోజనం తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నాం."

"తినండి. మనిషి తింటూ ఉంటే వేటకి రాలేదని వాటికి తెలుస్తుంది. తిండి చప్పుడు వింటే తిండి గుర్తొస్తుంది. ఒక్క మాట కూడా మాట్లాడొద్దు."

మిషను మీద గుడ్డ కప్పేసి వచ్చి, ఆవిడ కూడా తన పళ్ళెం తెచ్చుకుంది. అరలకి వీపు పెట్టి నేలమీద వరసగా కూర్చున్నాం. అమ్మాయి డబ్బాలు విప్పింది. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, దోసకాయ ముక్కలు. చప్పుడు కాకుండా ఒకరికొకరం అందించుకున్నాం.

రేకుల సందుల్లోంచి పలచటి వెలుతురు పడుతోంది. ఎడమవైపు కుందేళ్ళు ఆగకుండా నములుతున్నాయి. మా వెనక పాదరసం కాగితం చించినట్టు పరపరమని లాగుతోంది. నేను రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాను. అమ్మాయి నమిలింది. అల్లుడు దోసకాయ కొరికి, ఆ చప్పుడుకి తానే ఉలిక్కిపడ్డాడు. మనవరాలు రొట్టె చేతిలో పట్టుకుని కూర్చుంది. కొరకలేదు. దాని కళ్ళు ఎదురుగోడమీద ఒక మేకు దగ్గర నిలిచిపోయాయి.

గుడ్డు తినడం పూర్తయింది. నీళ్ళు తాగాను. ఎంతసేపైందో చూసుకోవాలనిపించినా చూడలేదు.

అప్పుడు గడ్డి కదిలింది. పాదరసం లాగే తీరు కాదు అది. ఒక పోచ మెల్లగా జరిగింది. ఆగింది. ఆలోచించుకున్నట్టు కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ జరిగింది. సన్నగా, కరకరమని, ఒక పక్క పళ్ళతోనే నమిలే చప్పుడు. ఆ పోచ అయిపోయింది. ఇంకోటి మొదలైంది.

ఎవరం తిరగలేదు. అల్లుడు ఏదో అనబోయి నోరు తెరిచాడు. అమ్మాయి అందులో గుడ్డుముక్క పెట్టేసింది. టైలరమ్మ పళ్ళెంలోంచి తలెత్తలేదు కానీ, ఆవిడ చెయ్యి ఒక్కక్షణం ఆగి మళ్ళీ కదిలింది.

మనవరాలు మేకు మీంచి చూపు తీసింది. చేతిలో రొట్టెని చూసుకుంది. పెద్దగా నోరు తెరిచి ఒక ముక్క కొరికింది. మింగేటప్పుడు గొంతు నొప్పికి కళ్ళు మూసుకుంది, తెరిచింది, మళ్ళీ కొరికింది. నేను దోసకాయ ముక్కలు దాని వైపు జరిపాను. అందరం తిన్నాం.